పాసివ్ డిటెక్టర్ల గురించి రోజూ వినే అపోహలు

జైళ్లు, ఆసుపత్రులు, పెద్ద ఆఫీసుల దగ్గర పాసివ్ డిటెక్టర్లు, అంటే తమంతట తాము ఏమీ పంపకుండానే వస్తువుల్ని పసిగట్టేవి, బిగించడం నా పని. ఎక్కడికెళ్లినా ఇవే ప్రశ్నలు.

అపోహ: రేడియేషన్ వస్తుంది, గర్భిణులు అటు వెళ్లకూడదు.
వాస్తవం: ఇందులోంచి ఏదీ బయటికి రాదు. మామూలు డోర్‌ఫ్రేమ్ డిటెక్టర్ తన కాయిల్‌తో అయస్కాంత క్షేత్రాన్ని పంపి, లోహంలో పుట్టే కరెంటును పసిగడుతుంది (అదీ ఎక్స్‌రే కాదు లెండి). నేను బిగించే పాసివ్ మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సార్) అదేమీ చేయకుండా, ఎప్పుడూ ఉండే భూమి అయస్కాంత క్షేత్రాన్ని మాత్రమే గమనిస్తూ ఉంటుంది. పక్కనుంచి ఇనుప వస్తువు కదిలితే ఆ క్షేత్రం కాస్త చెదురుతుంది, ఆ తేడాకే బీప్.

అపోహ: ఏ లోహమైనా దొరుకుతుంది.
వాస్తవం: దొరకదు. ఇనుము, మామూలు ఉక్కు, నికెల్ లాంటి అయస్కాంత గుణం ఉన్నవే దొరుకుతాయి. బంగారు గాజులు, పుస్తెలతాడు, రాగి చెంబు, అల్యూమినియం టిఫిన్ బాక్సు దీనికి లెక్కలోకి రావు. క్యూ త్వరగా కదలడానికి కారణం అదే, ఇదొక్కటి పెట్టుకుని నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణమూ అదే.

ప్లాస్టిక్ తుపాకీ సంగతేంటని అడుగుతారు. గ్లాక్ పిస్టల్ ఫ్రేమ్ మాత్రమే పాలిమర్ (ఒక రకం ప్లాస్టిక్), బారెల్, స్లైడ్ ఉక్కువే. స్విచాఫ్ చేసిన ఫోన్‌లోనూ స్పీకర్ అయస్కాంతం ఉంటుంది కాబట్టి జైళ్లలో దీనికి గిరాకీ.

అపోహ: పాసివ్ కెమెరాలో బట్టల్లేకుండా కనిపిస్తాం.
వాస్తవం: 2018లో లాస్ ఏంజెలస్ మెట్రో తీసుకున్న టెరాహెర్ట్జ్ కెమెరాల లాంటివి ఒంటి నుంచి సహజంగా వచ్చే తరంగాలనే చూస్తాయి. కనిపించేది మసక బొమ్మ, అడ్డున్న వస్తువు దగ్గర మచ్చ.

అపోహ: పాసివ్ అంటే బ్యాటరీ కూడా అక్కర్లేదు.
ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడీఈ 651 అని ఒక పిడి, దానికి ఊగే యాంటెన్నా, మనిషి ఒంటి స్టాటిక్ కరెంటుతోనే బాంబుల్ని కనిపెడుతుందని ఇరాక్‌కు అమ్మారు. చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్నే నమ్ముకుని బండ్లు వదిలేశారు. లోపల పనిచేసే భాగమే లేదు! అమ్మినవాడికి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. అసలైన సెన్సార్‌కు కరెంటు కావాలి, తెలిసిన వస్తువుతో మీ కళ్లముందే పరీక్షించే వీలుండాలి.

అపోహ: ఆయుధాల కోసమే.
2018లో ముంబై ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో, ఇనుమును లాగేసే పెద్ద అయస్కాంతం ఉండే ఎమ్మారై గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. అలాంటి గది గుమ్మం దగ్గరా ఇదే సెన్సార్ పెట్టొచ్చు.

అపోహ: ఎక్కడ నిలబెట్టినా పనిచేస్తుంది.
దూరం రెట్టింపైతే సిగ్నల్ దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, కాబట్టి మనిషి సెన్సార్ ఉన్న స్తంభానికి దగ్గరగా నడవాలి. లిఫ్టు, రోలింగ్ షట్టర్ పక్కన అస్సలు వద్దు. ఎవరూ రాకుండానే మోగుతోందని నాకు ఫోన్ చేసేముందు, గార్డు కూర్చున్న ఇనుప కుర్చీని నాలుగడుగులు వెనక్కి జరిపి చూడండి.