అమెరికాలో ఆఫీసులకు తాళాలు ఎప్పటి నుంచి పడుతున్నాయి?

2025 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం, ఖర్చుకు డబ్బు కేటాయించే బిల్లు పాసవక ఆఫీసులు మూసుకునే షట్‌డౌన్‌లోకి వెళ్లగానే హెచ్‌-1బీ మీద ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఎల్‌సీఏ టెన్షన్ పట్టుకుంది. ఉద్యోగం మారాలన్నా, కొత్త పిటిషన్ వేయాలన్నా ముందు కార్మిక శాఖ ఆ కాగితం, అంటే జీతం, పని పరిస్థితులపై కంపెనీ ఇచ్చే హామీకి ఆమోదం, ఇవ్వాలి. ఆ శాఖకు డబ్బు ఆగింది, కాగితమూ ఆగింది. పిటిషన్లు తీసుకునే ఇమిగ్రేషన్ విభాగం మాత్రం తెరిచే ఉంది, ఎందుకంటే అది నడిచేది చాలావరకు మనం కట్టే ఫీజుల మీద. 2013లోనూ ఇంతే. 2018-19 షట్‌డౌన్‌లో ఈ ఇబ్బంది రాలేదు, ఆ ఏడాది కార్మిక శాఖకు డబ్బిచ్చే బిల్లు ముందే పాసైపోయింది కాబట్టి.

ఇది మనకు కాస్త వింతగానే ఉంటుంది. మన దగ్గర ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు లోక్‌సభలో ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. టైం చాలకపోతే కొన్నాళ్ల ఖర్చుకు ముందే అనుమతిచ్చే ఓట్ ఆన్ అకౌంట్ ఉంది. అమెరికాలో అధ్యక్షుడి ఎన్నిక వేరు, కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఎన్నిక వేరు. బడ్జెట్ తేలలేదని ఒకరు ఇంకొకరిని ఇంటికి పంపలేరు. మాటలు లేకపోయినా ఒకే కప్పు కింద కాపురం చేయాల్సిందే.

1787లో రాసిన రాజ్యాంగం ఖజానా తాళంచెవి కాంగ్రెస్ చేతికిచ్చింది. చట్టం చేసి కేటాయిస్తే తప్ప డబ్బు తీయకూడదు. కానీ 19వ శతాబ్దంలో శాఖలు దీనికో ఉపాయం కనిపెట్టాయి. ఏడాదికిచ్చిన సొమ్ము ముందే ఖర్చు పెట్టేసి, అప్పులు చేసి, బిల్లులు తెచ్చి కాంగ్రెస్ ముందు పడేసేవి. సర్కారు మాట ఇచ్చాక కట్టక తప్పేది కాదు. దీన్ని ఆపడానికే 1870లో, 1884లో చట్టాలు చేసి, 1905-06లో ఇంకా బిగించారు. అదే యాంటీ డెఫిషియన్సీ చట్టం. కావాలని ఉల్లంఘించిన అధికారి జైలుకు కూడా వెళ్లవచ్చు.

అయినా అప్పట్లో ఎవరూ ఆఫీసు మూయలేదు. 1977లో, పేదల వైద్య పథకం నుంచి అబార్షన్లకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న గొడవలో, కేటాయింపులు మూడుసార్లు ఆగాయి. శాఖలు ఖర్చు తగ్గించుకుని, ఎలాగూ రేపో మాపో బిల్లు వస్తుందిలే అని పని చేసుకుపోయాయి.

ఈలోగా ఇంకో తగాదా నడిచింది. 1972లో నీటి కాలుష్య చట్టాన్ని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసి చట్టం చేసింది. డబ్బు మాత్రం ఆయన పూర్తిగా వదల్లేదు. అధ్యక్షుడు తనకు నచ్చని పనికి కేటాయించిన సొమ్మును ఇలా తొక్కిపట్టకుండా 1974లో చట్టం వచ్చింది. బడ్జెట్ పనికి మరో మూడు నెలలు దొరకాలని, ఆర్థిక సంవత్సరం మొదలును జూలై 1 నుంచి అక్టోబర్ 1కి జరిపిందీ ఆ చట్టమే. ఆ మార్పు 1976లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి కేటాయింపుల బిల్లులన్నీ గడువులోపు పాసైన ఏళ్లు నాలుగే, చివరిది 1996.

షట్‌డౌన్ అసలు పుట్టింది 1980 ఏప్రిల్‌లో. కార్టర్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెటీ పాత యాంటీ డెఫిషియన్సీ చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి, కేటాయింపు లేకపోతే శాఖ పని ఆపాల్సిందేనని అభిప్రాయం రాశారు. కాంగ్రెస్‌లో ఓటు జరగలేదు, కోర్టు తీర్పు లేదు, ఒక లాయరు రాసిన కాగితం అంతే. కొన్ని రోజులకే, మే 1న, వ్యాపారాల్లో మోసాలను అరికట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూతపడింది. ఆపితే ప్రాణాలకు, ఆస్తులకు ముప్పు వచ్చే పనులు ఆపనక్కర్లేదని మినహాయింపులు రాసింది 1981 జనవరిలో. విమానాల కంట్రోలర్లు జీతం రాకపోయినా డ్యూటీకి రావాల్సింది అందుకే.

తర్వాత ఈ మూత బేరానికి ఆయుధమైంది. 1995-96లో క్లింటన్‌కూ స్పీకర్ గింగ్రిచ్‌కూ పట్టుదల పెరిగి, రెండో విడత మూత 21 రోజులు సాగింది. 2013లో ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం మీద 16 రోజులు. 2018-19లో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని ట్రంప్ పట్టుబట్టగా 35 రోజులు. చివరికి కంట్రోలర్లు తక్కువై న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానాలు ఆగాయి. అదే రోజు ఆయన దిగొచ్చారు, గోడకు అడిగిన డబ్బు లేకుండానే. ఆగిన జీతాలు తర్వాత ఇచ్చి తీరాలని ఆ జనవరిలోనే చట్టం చేశారు. అంటే ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లకూ ఖజానాయే జీతం ఇస్తుంది. పొదుపు కోసమే ఇదంతా అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

2025లో గొడవ ఒబామాకేర్ సబ్సిడీల మీద. రెండు సభల్లోనూ రిపబ్లికన్లదే మెజారిటీ అయినా, సెనేట్‌లో 60 ఓట్లు లేనిదే బిల్లు కదలదు. 43 రోజుల తర్వాత, నవంబర్ 12 రాత్రి ట్రంప్ సంతకం పెట్టారు. ఆ బిల్లుతో చాలా శాఖలకు దొరికిన డబ్బు 2026 జనవరి 30 వరకే.