లాకు దిగే కోడ్

అమలాపురం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఇలా అడిగాడు: "సార్, లాప్‌టాప్‌లో బీబీసీ మైక్రో ఎమ్యులేటర్ (ఆ పాత కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) పెట్టుకున్నాను. బేసిక్‌లో రాసిన ప్రోగ్రామ్‌నే అసెంబ్లీలోకి మార్చి నడిపితే రెప్పపాటులో అయిపోతోంది. చేసే పని ఒకటే కదా, మరి బేసిక్ అంతసేపూ ఏం చేస్తోంది?"

ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే. బీబీసీ మైక్రో 1981 చివర్లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ తెచ్చిన యంత్రం. మన దేశంలో 1984-85లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ చదువు ప్రాజెక్టులో బడులకు వచ్చినవి ఇవే. లోపల 6502 చిప్, 2 మెగాహెర్ట్జ్ వేగం, మోడల్ బి అయితే 32 కిలోబైట్ల మెమరీ. బేసిక్ మనిషి మాటకు దగ్గరగా ఉండే భాష, అసెంబ్లీ చిప్‌కు నేరుగా ఇచ్చే ఆదేశాల భాష. పరిచయం ఇంతటితో చాలు, అసలు సంగతికి వద్దాం.

ఈ యంత్రంలో మోడ్ 7 అనే తెర 25 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. మొత్తం 1000 బైట్లు. తెర తుడవగానే మొదటి అక్షరం 31744వ బైట్‌లో, చివరిది 32743లో ఉంటాయి. తెరంతా నక్షత్రం గుర్తుతో నింపాలంటే బేసిక్‌లో ఒక్క వరుస చాలు (42 అంటే నక్షత్రం, ?ఐ% అంటే ఐ% నంబరున్న బైట్):

ఫర్ ఐ% = 31744 టు 32743 : ?ఐ% = 42 : నెక్స్ట్

నక్షత్రాలు వరసగా పాకుతూ తెర నిండడం కంటికి కనిపిస్తుంది. ఆ వేయి చుట్లలో ప్రతి చుట్టుకీ బేసిక్ '4', '2' అనే రెండు అక్షరాలను మళ్ళీ చదివి, 42 అనే అంకెను మళ్ళీ తయారుచేస్తుంది. నిన్న చెప్పిందే కదా అని గుర్తుపెట్టుకోదు. ఐ% అనే పూర్ణాంకానికి నాలుగు బైట్లు, కాబట్టి ఒకటి కలపడమంటే నాలుగు బైట్ల కూడిక, ఆపైన హద్దు దాటిందా లేదా అని నాలుగు బైట్ల పోలిక. విద్యార్థి అడిగిన ఆలస్యం ఇదే.

ఇప్పుడు దీన్ని 6502 అసెంబ్లీలోకి దించాలి. దించడం అనే మాట కావాలనే వాడుతున్నాను. ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువలో దిగే ధాన్యం పడవలు లాకులు దాటేవి. లాకు అంటే కాలువ మట్టం మారే చోట రెండు వైపులా తలుపులతో కట్టిన గది. పడవ లాకు గదిలోకి వచ్చాక పై తలుపులు మూసేవారు. కింది తూముల్లోంచి నీళ్ళు వదిలితే గదిలో మట్టం మెల్లగా దిగేది. రెండు వైపులా మట్టం సమానమైతేనే కింది తలుపులు తెరుచుకునేవి. బస్తాలు బస్తాల్లాగే ఉండేవి, మారేది నీటి మట్టమే. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కోడ్ మార్చడం అచ్చం ఇదే పని.

6502లో ఎక్స్ అనే రిజిస్టర్ (చిప్ లోపల అంకె పెట్టుకునే అర) ఒక్క బైటే, 255 దాటి లెక్కపెట్టలేదు. మనకు కావాల్సింది వేయి. అందుకని తెరను 250 చొప్పున నాలుగు ముక్కలు చేసి, ఒకే చుట్టులో నాలుగు చోట్లా రాస్తాం. ఎల్‌డీఏ, ఎల్‌డీఎక్స్ అంటే ఏ, ఎక్స్ రిజిస్టర్లలో అంకె నింపడం. ఎస్‌టీఏ అంటే ఏలో ఉన్నదాన్ని, ఇచ్చిన చిరునామాకు ఎక్స్ కలిపితే వచ్చే బైట్‌లో రాయడం. డీఈఎక్స్ ఎక్స్‌లో ఒకటి తగ్గిస్తుంది, సున్నా కాకపోతే బీఎన్ఈ వెనక్కి దూకుతుంది, ఆర్‌టీఎస్ పిలిచిన చోటికి తిరిగి పంపుతుంది:

ఎల్‌డీఏ #42
ఎల్‌డీఎక్స్ #250
.మళ్ళీ
ఎస్‌టీఏ 31743,ఎక్స్
ఎస్‌టీఏ 31993,ఎక్స్
ఎస్‌టీఏ 32243,ఎక్స్
ఎస్‌టీఏ 32493,ఎక్స్
డీఈఎక్స్
బీఎన్ఈ మళ్ళీ
ఆర్‌టీఎస్

ఒక్కో ఎస్‌టీఏకి 5 సైకిళ్ళు (సైకిల్ అంటే చిప్ గడియారం ఒక టిక్కు), డీఈఎక్స్‌కి 2, వెనక్కి దూకే బీఎన్ఈకి 3. చుట్టుకు 25, మొత్తం 250 చుట్లకు 6250. సెకనుకు 20 లక్షల సైకిళ్ళ యంత్రంలో ఇది దాదాపు 3 మిల్లీసెకన్లు. టీవీ బొమ్మ ఒకసారి మారేందుకు పట్టేదే 20 మిల్లీసెకన్లు. అందుకే అసెంబ్లీలో నక్షత్రాలు పాకడం కంటికి కనిపించదు.

తెర 31744లో మొదలైతే కోడ్‌లో 31743 ఎందుకుంది? ఎక్స్ 250 నుంచి 1 వరకే తిరుగుతుంది, సున్నా కాగానే చుట్టు ఆగుతుంది. 31743కి 1 కలిపితే 31744, సరిగ్గా తెర మొదలు. ఎవరైనా ఎక్స్‌ను పొరపాటున సున్నాతో మొదలుపెడితే మొదటి నక్షత్రమే 31743లో పడుతుంది. మోడ్ 7లో బేసిక్ తన స్టాక్‌ను (పని మధ్యలో దాచుకునే అంకెల దొంతరను) మెమరీలో తెర మొదలుకు కిందినుంచి, అంటే సరిగ్గా ఆ బైట్ నుంచి కిందికి పేర్చుకుంటుంది. ప్రోగ్రామ్ తెరమీద కాకుండా ఇంకెక్కడో తప్పుతుంది, కారణం దొరకదు.

ఇలా కారణం దొరకని చోటే నమ్మకాలు పుట్టాయనుకుంటాను. కంప్యూటర్ గదిలో చెప్పులు విప్పడం, దసరాకి మానిటర్‌కు బొట్టు పెట్టడం మనందరికీ తెలిసినవే. ఆయుధపూజ మీద నాకు గౌరవముంది. పనిముట్టుకు దండం పెట్టడం మంచి అలవాటు. కానీ ప్రోగ్రామ్ ఆగిపోతే "ఇవాళ మెషిన్‌కి బాగోలేదు" అని పిల్లల్ని ఇంటికి పంపడం మాత్రం చదువుకు ద్రోహం. 31743లో ఏముందో చూడమని చెప్పాలి.

మళ్ళీ లాకు దగ్గరికి వెళ్దాం. బేసిక్ నుంచి మెషిన్ కోడ్‌కి, అంటే అంకెలుగా మారి మెమరీలో ఉన్న అసెంబ్లీకి, వెళ్ళే తలుపు పేరు కాల్. తలుపు తెరిచే ముందు బేసిక్ ఏ%, ఎక్స్%, వై% విలువలను చిప్‌లోని ఏ, ఎక్స్, వై రిజిస్టర్లలోకి దించుతుంది. ఇక్కడే గది వెడల్పు చూసుకోవాలి. పైన ఏ% నాలుగు బైట్ల పడవ, కింద గదిలో పట్టేది ఒక్క బైటే. ఏ%లో 300 పెట్టి పంపితే కిందికి చేరేది 44. 256 పైనే ఉండిపోయింది, యంత్రం ఏ ఎర్రర్ చూపించదు. పెద్ద అంకె దించాలంటే దాన్ని ముక్కలు చేసి మెమరీలో పెట్టి, కింది కోడ్ అక్కడినుంచి తీసుకునేలా రాయాలి.

మట్టం సమానం కావడమంటే ఇంకో ఉదాహరణ. బీబీసీ బేసిక్‌లో "ఫర్ ఐ% = 5 టు 3" అని రాస్తే లోపలి పని ఒకసారి జరిగే తీరుతుంది, ఎందుకంటే హద్దు పరీక్ష నెక్స్ట్ దగ్గరే ఉంది. మనం పైన రాసిన అసెంబ్లీ చుట్టు కూడా అంతే, పరీక్ష చివర్లో. కాబట్టి ఈ రెంటి మధ్య దిగడం సులువు. అదే ప్రోగ్రామ్‌ను పాస్కల్ అనే ఇంకో భాషలోకి మారిస్తే ఆ చుట్టు ఒక్కసారి కూడా తిరగదు. కీవర్డ్‌కు కీవర్డ్ సరిపోయింది, ఫలితం మారిపోయింది. మన బడుల్లో, కాలేజీల్లో ప్రోగ్రామ్‌లను నోట్సు చెప్పి రాయించేవారు. ఆ నోట్సుల్లో 5 టు 3 ఎప్పుడూ రాదు. రావాలి. ప్రతి కొత్త భాషలోనూ మొదట రాయించాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం.

ఇక విద్యార్థి చివర్లో అడిగింది: మెషిన్ కోడ్‌ను తిరిగి బేసిక్‌లోకి ఎక్కించొచ్చా? పడవలు లాకుల్లో ఎగువకూ వెళ్ళేవి. గదిలో నీళ్ళు నింపాలి, అంతే. మన కోడ్‌లో ఆర్‌టీఎస్‌కు ముందు మెమరీలో 202, 208, 241 అనే మూడు బైట్లు ఉంటాయి. 202 డీఈఎక్స్, 208 బీఎన్ఈ, 241 అంటే మైనస్ 15. అంటే "ఎక్స్‌లో ఒకటి తగ్గించు, సున్నా కాకపోతే 15 బైట్లు వెనక్కి దూకు". నాలుగు ఎస్‌టీఏలకు 12 బైట్లు, డీఈఎక్స్, బీఎన్ఈ రెంటికీ 3, లెక్క సరిపోయింది. ఇంతవరకు చేతితోనే రాబట్టొచ్చు. 'మళ్ళీ' అనే పేరు మాత్రం రాదు, వేయిని నాలుగుతో భాగించి 250 పెట్టామన్న సంగతీ రాదు. ఆ నీళ్ళు పోయాల్సింది చదివేవాడే. నాలుగు చిరునామాల మధ్య తేడా 250 అని గమనిస్తే చాలు, పైనున్న ఒక్క వరుస బేసిక్ మళ్ళీ రాసేయొచ్చు.