డ్రాప్ ఇన్ అంటే ఊడిపడటమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునేవారిలో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడేవారే. వారిని తికమకపెట్టేవి పెద్ద పెద్ద పదాలు కావు; ఇలా వచ్చి అలా వెళ్లడాన్ని చెప్పే డ్రాప్ ఇన్, పాప్ ఇన్, స్టాప్ బై వంటి చిన్న మాటలు.

అపోహ: డ్రాప్ ఇన్ అంటే పిలవని పేరంటానికి వెళ్లడం.
వాస్తవం: ముందుగా కబురు పెట్టకుండా కాసేపు వెళ్లి రావడమే డ్రాప్ ఇన్. మన 'ఊడిపడటం' కూడా పడటంలోంచే పుట్టింది గానీ, అందులో వినిపించే విసుగు దీనిలో లేదు. "డ్రాప్ ఇన్ ఎనీ టైమ్" అన్నవారు ఆదరంగానే రమ్మంటున్నారు, కాకపోతే భోజనానికి పిలిచినట్టు మాత్రం కాదు.

అపోహ: డ్రాప్ వెనక ఉన్న ఇన్, బై వంటి చిన్న మాట లేకపోయినా అర్థం చెడదు.
వాస్తవం: ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. "బస్టాండు దగ్గర డ్రాప్ చెయ్యండి" అనే మన అలవాటు కొద్దీ నా విద్యార్థి ఒకరు, సరిహద్దు అవతల పాతపట్నంలో ఉండే తన పై అధికారికి, ఆరింటికి మీ ఇంటికి వస్తానని చెప్పబోయి "ఐ విల్ డ్రాప్ యూ ఎట్ సిక్స్" అని మెసేజ్ పెట్టారు. తనను బండి మీద ఎక్కడికో దించుతారనుకొని ఆయన చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారట! మనిషి దగ్గరికైతే డ్రాప్ ఇన్ ఆన్, చోటికైతే డ్రాప్ ఇన్ ఎట్ అనాలి. డ్రాప్ బై తర్వాత చోటు పేరు నేరుగా చెప్పవచ్చు. డ్రాప్ ఆఫ్ అంటే దించడం, లేదా కునుకు పట్టడం.

అపోహ: ఇవన్నీ ఒకటే.
వాస్తవం: చాలావరకు ఒకటే. పాప్ ఇన్ బ్రిటన్‌లోనూ, స్టాప్ బై అమెరికాలోనూ ఎక్కువగా వినిపిస్తాయి. స్వింగ్ బై అంటే వేరే చోటికి వెళ్తూ, దారిలోనే కదా అని ఆగడం. నాకు ఇష్టమైనది లుక్ ఇన్ ఆన్. ఒంట్లో బాగోలేనివారినో, ఒంటరిగా ఉన్న పెద్దవారినో చూసి రావడానికి వాడే ఈ మాటకు "అమ్మమ్మను ఓసారి తొంగిచూసి రా" అనే మన మాట ఎంత దగ్గరో గమనించండి.

అపోహ: ఏ రాకకైనా వాడవచ్చు.
వాస్తవం: సంక్రాంతికి ఇచ్ఛాపురంలోని పుట్టింటికి వెళ్లి పది రోజులుండి వచ్చి, "ఐ డ్రాప్డ్ ఇన్ ఆన్ మై మదర్" అంటే కుదరదు. కలెక్టరు కార్యాలయానికి రాసే అర్జీలోనూ ఇవి ఇమడవు. అక్కడ విజిట్ అనే పాత మాటనే రాయిస్తాను.