పెద్ద పిల్లల దత్తత: నేను తరచూ వినే అపోహలు

దత్తత కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం నా పని. వేరే దేశంలో, వేరే భాషలో పెరిగిన ఏడెనిమిదేళ్ల పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ల నోట ఈ మాటలు పదేపదే వింటుంటాను.

అపోహ: వారానికే కలిసిపోయింది, ఇక టెన్షన్ లేదు.
వాస్తవం: మొదట్లో పిల్లలు చుట్టాలింటికి వచ్చినట్టు ఉంటారు. చెప్పింది వింటారు, పెట్టింది తింటారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోనూ కూర్చుంటారు. అది చాలావరకు ప్రేమ కాదు, బతుకు నేర్పిన జాగ్రత్త. కాస్త ధైర్యం వచ్చాక తలుపులు విసురుతారు, "నువ్వు మా అమ్మవి కాదు" అంటారు. తల్లిదండ్రులు బెంబేలెత్తేది అప్పుడే. నాకు మాత్రం కొంచెం ఊరట. కోపం చూపించినా పంపించేయరని నమ్మకం కుదురుతున్నట్టే చాలాసార్లు.

పిల్ల దిండు కింద దాచుకున్న ఎండిన బ్రెడ్ ముక్కలు చూసి ఒకావిడ దొంగతనం అనుకుంది. తిట్టొద్దు, మంచం పక్కనే తినేవాటి డబ్బా పెట్టి ఎప్పుడూ నిండుగా ఉంచమన్నాను. వారాలపాటు రోజూ ఖాళీ అయింది. తర్వాత ఒక రోజు ముట్టకుండా అలాగే ఉంది.

అపోహ: పుట్టుభాష ఎక్కడికి పోతుంది?
వాస్తవం: పోతుంది, వాడకం ఆగితే నెలల్లోనే జారిపోవచ్చు. 3 నుంచి 8 ఏళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లను పెద్దయ్యాక పరీక్షిస్తే, కొరియన్ వాక్యాలను మిగతా భాషల నుంచి వేరుగా గుర్తుపట్టలేకపోయారని 2003లో వచ్చిన పరిశోధన ఒకటి ఉంది. కొత్త భాషలో ఆటలకు సరిపడా మాటలు ఒకటి రెండేళ్లలో వస్తాయి, పాఠాల భాషకు ఐదేళ్లు దాటవచ్చు. ఈ మధ్యలో బాధ చెప్పుకోవడానికి ఏ భాషలోనూ మాట దొరకదు. స్కూల్లో దాన్నే మొండితనం అంటారు.

అపోహ: పేరు మారిస్తే తొందరగా మనవాడవుతాడు.
వాస్తవం: వాడు వెంట తెచ్చుకున్న సొంత ఆస్తి ఆ పేరొక్కటే కావచ్చు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం కూడా పేరును పిల్లల గుర్తింపులో భాగంగానే చూస్తుంది.

అపోహ: ఏడాదికోసారి వాళ్ల పండగ చేస్తున్నాంగా!
వాస్తవం: ఫొటోలకు బాగుంటుంది. తనలాంటి మొహమున్న పెద్దవాళ్లు ఇంటికి వచ్చిపోతుంటే పిల్లకు ఎక్కువ మేలు.

అపోహ: నాకింకా ప్రేమ కలగట్లేదు, నేను చెడ్డ తల్లిని.
వాస్తవం: దత్తత తర్వాత డిప్రెషన్ తల్లులకూ వస్తుంది, తండ్రులకూ వస్తుంది. చికిత్సా ఉంది. ఈ మాట నాతో చెప్పే ముందు మాత్రం చాలామంది గది తలుపు వేసుందో లేదో చూసుకుంటారు.