ఫ్యాక్టరీలో తయారయ్యే ఇల్లు: కొనేవారి అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలోని షెడ్డులో లైట్ గేజ్ స్టీల్ (పలుచని స్టీలు రేకును మడిచి చేసిన చట్రాల) ఇళ్లు తయారు చేసి, కొన్నవారి స్థలాల్లో బిగించడం మా వృత్తి. సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టుకోవాలని వచ్చేవారు ముందుగా నమూనా గోడను వేళ్లతో తట్టి చూస్తారు. ఆ చప్పుడు వినగానే ఈ సందేహాలన్నీ మొదలవుతాయి.

అపోహ: ఇది కంటైనర్ ఇల్లే.

కాదు. ఓడల్లో సరుకు మోసే కంటైనర్ వెడల్పు 8 అడుగులే కాబట్టి, వేడిని ఆపే పొర, బోర్డు వేశాక లోపల ఏడడుగులు మిగిలితే గొప్ప. మేము చేసే ఇంట్లో గదుల కొలతలు మీ ప్లానును బట్టి ఉంటాయి. అయితే మన రోడ్ల మీద 2.6 మీటర్లకు మించిన వెడల్పుతో సరుకు తరలించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి కనుక, మేము గదిని పెట్టెలా కాకుండా ప్యానెళ్లుగా విడదీసి పంపుతాం. కొత్త నిర్మాణ పద్ధతులకు నమూనాగా కేంద్రం చేపట్టిన లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో అగర్తలాలోని 1000 ఇళ్లను స్టీల్ పద్ధతిలోనూ, రాంచీలోని 1008 ఇళ్లను ముందే పోతపోసిన (ప్రీకాస్ట్) కాంక్రీటు గదులను పేర్చే పద్ధతిలోనూ కట్టారు. కాబట్టి ఫ్యాక్టరీ ఇల్లు అనగానే మొదట అడగవలసింది అది ఏ పద్ధతి అని.

అపోహ: చాలా చౌకగా వస్తుంది.

చదరపు అడుగు రేటు మాత్రమే చూసి వచ్చినవారిని నేను మొదటి రోజే నిరాశపరుస్తాను. పునాది, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఖర్చులు మామూలు ఇంటికి ఎంతో దీనికీ దాదాపు అంతే. లాభమంతా సమయంలోనూ, ముందే తేలిపోయే లెక్కలోనూ ఉంది. మీ స్థలంలో పునాది తవ్వుతున్న రోజుల్లోనే మా షెడ్డులో గోడలు తయారవుతుంటాయి. మామూలు ఇంట్లో కాంక్రీటు స్లాబు వేస్తే దాని కింద నిలబెట్టే ఆసరా కర్రలను, స్లాబును మోసే గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపైతే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ తరువాత గోడలు, ప్లాస్టరింగు, వైరింగు కోసం మళ్లీ ఆ గోడలనే చెక్కడం ఉండనే ఉన్నాయి. మా దగ్గర వైర్లు వెళ్లే రంధ్రాలను యంత్రమే స్టీలు ముక్కను కత్తిరించేటప్పుడు పొడుస్తుంది, ఏ గోడలో ఎన్నో ముక్కో సిరాతో దాని మీదే ముద్రిస్తుంది. అద్దె ఇంట్లో ఉంటూ కట్టుకునేవారికి ఇలా మిగిలే నెలలు చిన్న విషయం కాదు. దీనికి ఒక షరతు ఉంది: డ్రాయింగు మీద సంతకం చేశాక వంటగది కిటికీని రెండడుగులు జరపమంటే కుదరదు. వాస్తు చూపించుకోవలసినవారు దయచేసి సంతకానికి ముందే చూపించుకోవాలి.

అపోహ: తేలిక ఇల్లు, గాలికి లేచిపోతుంది.

ఈ భయంలో సగం నిజముంది. బరువు తక్కువైనందున భూకంప బలం దీని మీద తక్కువగా పడుతుంది, గాలి విషయంలో మాత్రం అదే బరువు ప్రతికూలమవుతుంది. కట్టడాల మీద పడే భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైనుకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, విశాఖ ఇంటి మీద అది దాదాపు 29 శాతం ఎక్కువ. చేవెళ్లలో బిగించిన ఇంటి డ్రాయింగునే భీమిలికి పంపే కంపెనీ నుంచి ఇల్లు కొనకండి. నల్లరేగడి నేలలోనైతే ఇల్లు తేలిక గనుక పునాది లోతు తగ్గించవచ్చనడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఉబ్బే మట్టి తేలిక కట్టడాన్నే సులువుగా పైకి నెడుతుంది.

అపోహ: వేసవిలో పెనంలా కాలుతుంది.

లోపల ఏమీ నింపని రేకు గోడ కాలుతుంది. గోడలో నింపే రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) వేడిని ఆపే శక్తి, లెక్కకు, సుమారు మూడడుగుల ఇటుక గోడతో సమానం. మధ్యలో స్టీలు ఉంటుంది కాబట్టి ఆచరణలో అంత రాదు. ప్లాస్టిక్ నురుగు నింపిన పఫ్ ప్యానెల్ వేడిని ఇంకా బాగా ఆపుతుంది గానీ నిప్పంటుకుంటుంది. అందుకే వంటగదికి నేను రాక్‌వూలే వేస్తాను.

అపోహ: గోడకు బరువు తగిలించలేం.

గీజరు, టీవీ, ఉయ్యాల ఎక్కడ పెడతారో ముందే చెబితే అక్కడ లోపల ప్లైవుడ్డో అదనపు స్టీలో బిగిస్తాం.

అపోహ: ప్లాను అనుమతి అక్కరలేదు, రుణం రాదు.

మామూలు ఇంటికి అనుమతి కావలసిన చోట దీనికీ కావాలి. ఇక బ్యాంకులు స్థలంలో జరిగిన పనిని చూసి విడతలుగా డబ్బు విడుదల చేస్తాయి, మేమేమో షెడ్డులో పని మొదలు కాకముందే అడుగుతాం. ఈ రెండూ ఎలా కలుస్తాయో అడ్వాన్సు ఇవ్వకముందే బ్యాంకుతో మాట్లాడి రాయించుకోండి.

అపోహ: పునాదికి ఏ మేస్త్రీ అయినా చాలు.

ఒక చోట పునాది పూర్తయ్యాక మూలల మధ్య టేపు పట్టి చూస్తే సమానంగా ఉండవలసిన రెండు కర్ణాలకూ 18 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. "ప్లాస్టరింగులో సర్దేస్తాం సార్" అన్నాడు మేస్త్రీ. ఈ ఇంట్లో ప్లాస్టరింగే ఉండదు. ప్యానెళ్లు దించడానికి పిలిచిన హైడ్రా క్రేనును ఆ పూటకు ఖాళీగా పంపేసి, గోడలను పునాదికి పట్టించే బోల్టులను మళ్లీ సరైన చోట నాటుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.