పిల్లల ఐసీయూలో సీపీఆర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుండె ఆగిందంటే ఇక బిడ్డ దక్కదు.

వానాకాలంలో డెంగీ కేసులతో హైదరాబాద్ పిల్లల ఐసీయూలు నిండిపోతాయి. ఆ రోజుల్లో బయట కూర్చున్న వాళ్ల నోట నేను తరచూ వినే మాట ఇదే. సీపీఆర్ అంటే ఛాతీ నొక్కుతూ, గాలి అందిస్తూ ప్రాణం నిలిపే ప్రయత్నం. "సీపీఆర్ చేస్తున్నాం" అనగానే నాయనమ్మ ఏడుపు అందుకుంటుంది. అమెరికా ఆసుపత్రులు ఇలాంటి కేసులు నమోదు చేసే రిజిస్ట్రీ చూడండి. వార్డులో, ఐసీయూలో నాడి పూర్తిగా ఆగిన పిల్లల్లో ప్రాణాలతో ఇంటికి వెళ్లినవాళ్లు 2000లో 19 శాతం, 2018లో 38 శాతం. నాడి ఉండగానే సీపీఆర్ మొదలైన వాళ్లలో 2018లో 66 శాతం.

ఇవి మన లెక్కలు కావు. ఇక్కడ చాలామంది రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, ఆలస్యంగా వస్తారు. అందుకే నేను తల్లిదండ్రులకు శాతాలు చెప్పను, గుండె ఎందుకు ఆగిందో చెబుతాను. శ్వాస గొట్టం కఫంతో మూసుకుపోయి ఆగిన గుండె వేరు, వారం రోజులు సెప్సిస్‌తో (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో) పోరాడి అలసి ఆగిన గుండె వేరు.

అపోహ: కరెంటు షాక్ ఇస్తే గుండె కొట్టుకుంటుంది.

అంతా సినిమాల పుణ్యం! గుండె లయ తప్పి గిలగిలలాడుతుంటేనే షాక్ పనిచేస్తుంది. మానిటర్‌లో గీత చదునైపోతే దానివల్ల లాభం లేదు. పిల్లల్లో ఎక్కువగా ముందు దెబ్బతినేది ఊపిరి, లేదా రక్త ప్రసరణ. గుండెది ఆఖరి వంతు. కాబట్టి ఛాతీ నొక్కడంతో పాటు గాలి అందించడం కూడా అంతే ముఖ్యం. ఆక్సిజన్ ఇచ్చినా గుండె వేగం నిమిషానికి 60 కంటే తగ్గి, ఒళ్లు చల్లబడి పాలిపోతే ఆగేదాకా చూడం, వెంటనే నొక్కుతాం. "గీత కదులుతోందిగా, ఎందుకు నొక్కుతున్నారు?" అని గొడవపడ్డ నాన్నలూ ఉన్నారు.

ఆ సమయంలో మంచం దగ్గర జరిగేది ఇది. పసిబిడ్డయితే రెండు చేతులతో ఛాతీని చుట్టి, బొటనవేళ్లతో సుమారు 4 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతారు. రెండు నిమిషాలకు మనిషి మారాలి, లేకపోతే తెలియకుండానే లోతు తగ్గిపోతుంది. ఒక సిస్టర్ పని టైమ్ రాయడమే: గుండెను ప్రేరేపించే అడ్రినలిన్ మందు 3 నుంచి 5 నిమిషాలకోసారి.

అపోహ: అంత గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరిగిపోతాయి.

పసివాళ్ల ఎముకలు వంగుతాయి, విరగడం అరుదు. భయపడి మెల్లగా నొక్కితేనే నష్టం.

అపోహ: సీపీఆర్ పావుగంట దాటితే బతికినా మెదడు పోయినట్టే.

తొలి పావుగంటలో నిమిషానికి సుమారు 2 శాతం చొప్పున ఆశ తగ్గుతుందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 35 నిమిషాలు దాటాక బతికింది 12 శాతమే. కానీ అలా బతికినవాళ్లలో 60 శాతం మంది మెదడు పనితీరు బాగానే ఉంది. అలాగని ప్రతి బిడ్డకూ గంటసేపు నొక్కాలని కాదు. సరిదిద్దగల కారణం ఏదైనా మిగిలుందా అన్నదే ప్రశ్న. బిల్లు కోసం నొక్కుతున్నారేమో అన్న అనుమానం వచ్చినా డాక్టర్ని ఇదే అడగండి. వీలైతే లోపల నిలబడి చూస్తామనీ అడగండి.

గుండె తిరిగి కొట్టుకున్నాక జ్వరం రానివ్వకుండా, బీపీ పడిపోకుండా కాపాడాలి. "మెదడు ఎలా ఉంది?" అని మొదటి రోజే అడుగుతారు. ఆ జవాబుకు కొన్ని రోజులు పడుతుంది. మొదటి రోజే గట్టిగా ఏదైనా చెప్పేవాళ్ల మాట నమ్మకండి.