బోడీ: నాలుగేళ్ల జాతర, అరవై ఏళ్ల ఖాళీ

కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాలకు తూర్పున, దాదాపు 8,400 అడుగుల ఎత్తున ఉన్న బోడీలో నేడు పార్కు సిబ్బంది తప్ప కాపురాలు లేవు. అక్కడి ఇళ్లను కొత్తగా తీర్చిదిద్దరు, అలాగని కూలిపోనివ్వరు. కప్పు కారకుండా, గోడ ఒరగకుండా చూసి, లోపలి సామాను మీది దుమ్మును మాత్రం అలాగే ఉంచుతారు. ఈ వింత పద్ధతికి మూలం ఆ ఊరు ఖాళీ అయిన తీరులోనే ఉంది.

1859లో ఇక్కడ బంగారం జాడ కనిపెట్టిన డబ్ల్యూ. ఎస్. బోడీ ఆ చలికాలమే మంచు తుపానులో చనిపోయాడు. చెట్టన్నది లేని ఆ కొండలకు ఆయన పేరు తెలుగు చెవికి అచ్చంగా అతికినట్టుంటుంది. ఆ తర్వాత పదిహేనేళ్లపాటు అదొక చిన్న శిబిరమే. 1870ల నడుమ ఒక గని కూలి మేలైన ఖనిజం బయటపడటం, 1877లో స్టాండర్డ్ కంపెనీ రంగంలోకి దిగటంతో జనం పోటెత్తారు. 1880 నాటికి జనాభా ఏడెనిమిది వేలకు చేరిందని అంచనా.

అయితే మేలైన ఖనిజం పైపొరల్లోనే ఉంది. లోతుకు పోయినకొద్దీ ఖర్చు పెరిగి రాబడి తగ్గటంతో చిన్న కంపెనీలు మూతపడ్డాయి, జనం టూంబ్‌స్టోన్, బ్యూట్ వంటి కొత్త గనుల వైపు మళ్లారు. చిత్రమేమిటంటే ఊరికి అసలైన హంగులు అప్పుడే సమకూరాయి. దూరపు అడవుల నుంచి కలప తెచ్చే రైలు మార్గం 1881లో, పదమూడు మైళ్ల అవతలి జలవిద్యుత్ కేంద్రం నుంచి రాళ్లు దంచే మిల్లుకు కరెంటు 1890ల తొలినాళ్లలో వచ్చాయి. మిల్లు వదిలేసిన పాత దిబ్బల నుంచే సైనైడ్‌తో మళ్లీ బంగారం రాబట్టారు. బోడీ ఒక్కసారిగా చచ్చిపోయిందనే ప్రచారం కన్నా, వైద్యం అందుతూనే క్షీణించిందనటం సబబు.

1932 నాటి అగ్నిప్రమాదం ఊరిలో అధిక భాగాన్ని కాల్చేసింది. యుద్ధ అవసరాల దృష్ట్యా బంగారు గనులను ఆపాలన్న 1942 నాటి ప్రభుత్వ ఉత్తర్వుతో చివరి గనీ మూతపడింది. బండి కిరాయికి కూడా చాలని సామానును జనం ఇళ్లలోనే వదిలిపోయారు. మిగిలిన ఊరికి చాలా భాగం యజమానులైన కెయిన్ కుటుంబం కాపలా పెట్టింది. 1962లో అది రాష్ట్ర చారిత్రక పార్కు అయింది. 1980ల చివర అదే కొండను మళ్లీ తవ్వాలని ఒక కంపెనీ ముందుకు రాగా, అమెరికా కాంగ్రెస్ 1994లో చట్టం చేసి ఆ పరిసరాల్లోని ప్రభుత్వ భూముల్లో కొత్త గనుల హక్కులకు తెర దించింది.